ఇంటిదారి పట్టిన తారిణి



మా హొసూరుకు సముద్రం చాలా దూరం. అటు మంగళూరు వైపు పోయినా, ఇటు చెన్నపట్నం వైపు పోయినా పగలంతా బస్సులో కూచోవాలి. మా బడి పిల్లల్లో చాలామంది సముద్రాన్ని సినిమాలో తప్ప చూడలేదు. అయినా ఒకరోజు ఏడో తరగతి గదిలో ప్రపంచ పటం వేలాడదీసి, గుండుసూదులకు ఎర్రదారం చుట్టి ఒక పడవ పోయివచ్చిన దారి చూపిస్తుంటే, వెనక వరసలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, ఆఫ్రికా గట్టు పట్టుకుని పైకి వస్తే గోవా దగ్గర గదా? దారాన్ని అంత దూరం, సముద్రం మధ్యకి ఎందుకు లాగినారు?" అనింది.

బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు మా హొసూరులోనే పుట్టారు. ప్రశ్నించడమే చదువుకు మొదలని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు. ఆయన ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉంటూ పిల్ల అడిగిన ప్రశ్నను దాటేయడం కుదిరే పని కాదు. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే ఈ పూట మీకూ చెబుతాను.

ఆ పడవ పేరు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి. మన నౌకాదళానిది, గోవాలో కట్టినది. పొడవు సుమారు 55 అడుగులు. మన ఊళ్లకొచ్చే బస్సుకు ఒకటిన్నర ఉంటుందనుకోండి. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు ఆడపిల్లలు, అందరూ నౌకాదళ అధికారులే, ఈ పడవలో గోవా నుంచి భూగోళం చుట్టిరావడానికి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆమెతో ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. వీరిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. అంటే ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లు.

మొత్తం 21,600 నాటికల్ మైళ్లు తిరిగారు. ఈ అంకె ఎక్కడిదో చెబితే పిల్లలకు భలే సరదా. భూగోళం చుట్టూ 360 డిగ్రీలు. డిగ్రీకి 60 నిమిషాలు. నిమిషానికి ఒక నాటికల్ మైలు. గుణించి చూడండి, సరిగ్గా 21,600 వస్తుంది. మన లెక్కలో సుమారు 40,000 కిలోమీటర్లు. ఇందుకు 254 రోజులు పట్టింది. అందులో 199 రోజులు నీటిమీదే. రోజుకు ఇంచుమించు 200 కిలోమీటర్లు, గంటకు ఎనిమిదిన్నర. అంటే మన సైకిలు కంటే నిదానం. ఈ ఎనిమిదిన్నరను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, ఫాక్లండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. ఈ నాలుగు రేవుల్లో ఆగాలని ముందే అనుకున్నారు. పసిఫిక్‌లో పెద్ద తుఫాను గాలికి నిలిచారు, 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టివచ్చారు. ఆ కథలన్నీ పేపర్లలో చదివే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది తర్వాతి సంగతి. 2018 మార్చి 14న కేప్‌టౌన్ విడిచి ఇంటిదారి పట్టారు. పటంలో చూస్తే ఇక ఒక జానెడు. ఆ జానెడుకు మధ్యలో ఆగిన రోజులతో కలిపి 68 రోజులు పట్టింది. ప్రయాణం మొత్తంలో ఒక రేవు నుంచి వెళ్లాలనుకున్న రేవుకు ఇన్ని రోజులు మరెక్కడా పట్టలేదు.

బయలుదేరిన నాలుగు రోజులకే, మార్చి 18న, ఉగాది వచ్చింది. ఆ సంవత్సరం పేరు విళంబి. విళంబమంటే ఆలస్యం అని మనకు తెలుసు. పంచాంగం మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, ఈ ఒక్కచోట పేరు భలే కుదిరింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఆఫ్రికా తూర్పు గట్టు వెంబడి సముద్రంలో ఒక ప్రవాహం ఉంది. దాని పేరు అగుల్హాస్. ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే మనం ఇంటికి రావలసిన దిక్కుకు సరిగ్గా ఎదురుగా పారుతుంది. జోరుగా ఉన్నచోట గంటకు ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన పడవ వేగం ఎనిమిదిన్నర. ఎనిమిదిన్నరలో ఏడు పోతే మిగిలేది ఒకటిన్నర! పగలంతా ఎదురీదినా ముందుకు జరిగేది కొంచెమే. పైగా నైరుతి గాలి ఈ ప్రవాహానికి ఎదురుగా వీచినప్పుడు అలలు గోడల్లా నిటారుగా లేస్తాయి. అందుకే తెరచాప పడవలు గట్టుకు దూరంగా జరుగుతాయి. దక్షిణాన ఎప్పుడూ పడమటి నుంచి వీచే గాలిని పట్టుకుని ముందు తూర్పుకు పోతాయి. ఆ తర్వాత ఆగ్నేయపు గాలి వీచే చోటికి చేరి, అక్కడ ఉత్తరానికి తిరుగుతాయి. ఇల్లు ఒక దిక్కున ఉంటే పడవ ఇంకో దిక్కుకు పోవడమన్నమాట.

తెరచాపను కన్నడంలో 'హాయి' అంటారు. మన తెలుగు 'హాయి'కీ దానికీ ఏ సంబంధమూ లేదని ఈ ప్రయాణం గురించి చదివితే బాగా తెలుస్తుంది.

చుక్కాని మాత్రం రెండు భాషల్లోనూ ఒకే మాట, ఉచ్చారణలో 'ని'కి 'ణి' తేడా తప్ప. ఎన్నికలయ్యాక ఫలానావారు అధికారపు చుక్కాణి పట్టారని కన్నడ పేపర్లు రాస్తాయి కదా, అదే. పడవ వెనక నీటిలో ఉండే పలక అది. పైనున్న చక్రం తిప్పితే ఆ పలక తిరుగుతుంది, పలకతో పాటు పడవ తిరుగుతుంది. తారిణిలో ఈ చక్రానికీ చుక్కానికీ మధ్య పనిచేసే ఏర్పాటు హిందూ మహాసముద్రంలో చెడింది. దిక్కు సరిగా చూపలేని పడవకు గాలి ఎంత బాగా వీచినా లాభం లేదు. ముందు అనుకోని రేవు ఒకటి పట్టవలసి వచ్చింది. ఏప్రిల్ 18న మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరారు. కేప్‌టౌన్ విడిచి అప్పటికి 35 రోజులు.

ఈ పోర్ట్ లూయీ దగ్గర నేను కాసేపు ఆగాలి. 1834 నుంచి చెరకు తోటల పనికి మన దేశపు కూలీలను తెరచాప ఓడల్లో తెచ్చి దించింది ఈ రేవులోనే. దిగినవాళ్లు ఎక్కిన రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. అలా వెళ్లినవారిలో గోదావరి పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. గడువు తీరాక కొందరు తిరిగొచ్చారు, ఎక్కువమంది రాలేదు. వాళ్ల ముని మనవళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఉగాది ఆ దేశంలో సర్కారు సెలవు. తిరుగు ప్రయాణం లేకుండా పోయినవాళ్ల ఊళ్లో, తిరుగు ప్రయాణం మధ్యలో ఇద్దరు తెలుగు అమ్మాయిలు పడవ బాగుచేయించుకోవడానికి దిగారు. తరగతిలో ఈ మాట చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది.

బాగుచేయించుకుని మళ్లీ కదిలారు. అక్కడి నుంచి గోవాకు సూటిగా కొలిస్తే 2,300 నాటికల్ మైళ్లు. కానీ మధ్యలో భూమధ్యరేఖ ఉంది, దాని చుట్టుపక్కల గాలి ఆడని పట్టీ ఉంది. మన రైతులకు దీన్ని వివరించనక్కర లేదు. కళ్లంలో రాగులు తూర్పారపట్టడానికి చేట ఎత్తి నిలబడితే ఆకు కదలదు చూడండి, అచ్చంగా అదే. కళ్లంలో అయితే రేపు చూద్దామని ఇంటికి పోతాం. తెరచాపతోనే లోకం చుట్టాలని పందెం కట్టుకున్న పడవ అక్కడే ఊగుతూ ఉండాలి.

ఇక్కడ ఊగుతూ కూచోవడానికి తీరిక కూడా లేదు. మే నెల ముగిసేలోపు అరేబియా సముద్రం దాటకపోతే నైరుతి రుతుపవనం ఎదురొస్తుంది. మనం ఇక్కడ ఏ వానకోసం ఆకాశం చూస్తామో, చిన్న పడవకు ఆ వానే గండం. పైగా ఆ ఏడు మే మూడో వారంలో ఆ సముద్రంలో తుఫాను లేచింది. దాని పేరు 'సాగర్', పేరు పెట్టింది మన దేశమే. అది పడమటికి నడిచి మే 19న సోమాలీ తీరాన్ని తాకింది. అది పోయీపోగానే 'మెకును' అనే ఇంకో తుఫాను మొదలైంది. అది 25న ఒమాన్‌లోని సలాలా దగ్గర విరుచుకుపడింది.

ఈ రెంటికీ నడుమ, 2018 మే 21న, తారిణి గోవా చేరింది. ఎనిమిది రోజుల తర్వాత, 29న, రుతుపవనం కేరళను తాకింది.

అదే పడవలో 2024 అక్టోబరు 2న ఇద్దరే ఇద్దరు అధికారులు, దిల్నా, రూపా, మళ్లీ గోవా నుంచి బయలుదేరారు. వాళ్లూ కేప్‌టౌన్ మీదుగానే ఇంటికి తిరిగారు. అయితే 2025లో రుతుపవనం తొందరపడింది. మే 24నే కేరళలో దిగింది. వాళ్లు గోవా చేరింది ఆ నెల చివరి వారంలో. ఆ ఏడు వానే ముందు ఇల్లు చేరింది, పడవ దాని వెనకాల వచ్చింది. పటం మీద ఈ రెండో దారాన్ని పచ్చదారంతో ఆ అమ్మాయి చేతే కట్టించాను. ఎవరూ చెప్పకుండానే ఆఫ్రికా గట్టుకు బెత్తెడు దూరం జరిపి కట్టింది.