కారుకు కవరు కప్పవలెనా?

మన పద్మనగరంలోనూ, కామత్‌ఘర్‌లోనూ తెల్లవారుజామున నడిచేవారికి యీ దృశ్యం పరిచితమే. సాంచాల కార్ఖానాల గోడల వారగా కార్లు నిలిచి వుంటాయి. కొన్ని వెండిరంగు కవర్లలో మునిగి వుంటాయి, కొన్నిటికి యే ఆచ్ఛాదనా వుండదు. కప్పనివాటి మీద రాత్రంతా పడిన దూదినూగు తెల్లగా పేరుకొని వుంటుంది. కవరు కొనవలెనా వద్దా అన్న మాట మన కుటుంబాలలో తరచు వస్తున్నది గనుక, ఆ సంగతి కొంచెం విచారించదలచినాము.

కారును మనవాళ్లు కన్నబిడ్డలాగా చూసుకుంటారంటే నవ్వవలసిన పని లేదు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుంచి మూటతో వచ్చి, పరాయివాళ్ల సాంచాల మీద పన్నెండేసి గంటలు నిలబడినవారి మనుమలు వాయిదాల మీద కొన్న బండి అది. దాని మీద గీత పడితే గుండెలో పడినట్లే వుంటుంది. అయితే ఆ గీతలను కవరే తెచ్చిపెట్టవచ్చునన్న సంగతి చాలామంది తలచరు.

కారు రంగు అన్ని పూతలూ కలిపి వంద మైక్రాన్లకు కొంచెం అటూ యిటూ. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మెరుపునిచ్చే పైపూత మన తల వెంట్రుక మందం కూడా వుండదు. దూదినూగు మెత్తనిది, దానివల్ల గీత పడదు. కాని నూగుతోపాటు గోదాముల లారీలు లేపే దుమ్ము వున్నది, సైజింగు బాయిలర్ల మసి వున్నది. దుమ్ములోని యిసుకరేణువు రంగుపూత కన్న గట్టిది. ఆ దుమ్మును తుడవకుండా పైన కవరు బిగించి, దానిని గాలికి రెపరెపలాడనిస్తే, రాత్రంతా గరుకుకాగితంతో రుద్దినట్లే అవుతుంది. నల్లకారును యెండలో నిలిపి చూడండి, సాలెగూటి వంటి సన్నగీతలు కనిపిస్తాయి.

వానాకాలం మాట వేరుగా చెప్పుకోవాలి. ముంబయి శాంతాక్రజులో నాలుగు నెలల సగటు వాన రెండువేల మిల్లీమీటర్లు దాటుతుంది. మన భివండీ కూడా ఆ వానకు చుట్టమే. ఆ నెలల్లో కవరు కింద చేరిన తడి ఆరడానికి దారి వుండదు. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టాలయితే మరీ అన్యాయం. తడి నిలిచి రంగు బొబ్బలెక్కుతుంది. తలుపుల అంచులలోనూ, పాత గీతల్లోనూ తుప్పు మొదలవుతుంది.

మన యిళ్లలో కొందరు పాత గ్రే గుడ్డను కుట్టించి కప్పుతారు. సొంత సరుకు గదా, ఖర్చు లేదు! గుడ్డ సంగతి మనకు యెవరూ చెప్పనక్కరలేదు. మామూలు గాలిలోనే నూలు తన బరువులో నూటికి యెనిమిదిన్నర పాళ్లు తేమ పట్టుకుంటుంది, పాలియెస్టరు అర పాలయినా పట్టదు. పైగా గ్రే గుడ్డ పడుగులో గంజి వుంటుంది. తడిసిన గంజికి బూజు పట్టక మానదు. యెండాకాలంలో గ్రే గుడ్డ మంచిదే, మెత్తగా వుంటుంది, గాలి ఆడుతుంది. జూన్ మొదటి వానకు మాత్రం తీసి మడిచిపెట్టవలసిందే.

యింతకూ మన వూళ్లో కారుకు నూగు చేసే అసలు చెరుపు రంగు మీద కాదు. ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గర జల్లెడవంటి పట్టీ వొకటి వుంటుంది. అద్దం మీది వాననీరు అందులోకి దిగి, సన్నని దారుల వెంట కిందికి పోవాలి. కారు లోపలికి వచ్చే గాలి కూడా అక్కడినుంచే. దానిలో నూగు చేరి, వానకు తడిసి, అట్టలాగా గడ్డకడితే నీరు పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు నీరు కాళ్లకింది తివాచీలోకి వస్తుంది. వాసన వచ్చేదాకా యెవరికీ తెలియదు. యీ వొక్క విషయంలో కవరు నిజంగా మేలు చేస్తుంది. కప్పనివారు వారానికొకసారి మెత్తని కుంచెతో ఆ పట్టీని దులుపుకుంటే చాలు.

యీ చర్చ యిళ్లలో యెలా నడుస్తుందో అందరికీ తెలిసినదే.

“బాపూ, గింత వాన పడుతుంటే కవరు కప్పుతవేందే? లోపల చెమట పడతది.”

“నూగు పడితే పొద్దున్నే లేచి నువ్వు కడుగుతవా మరి?”

యిద్దరి మాటా నిజమే. కొడుకు తడి సంగతి చెప్పినాడు, తండ్రి చాకిరీ సంగతి చెప్పినాడు.

మా అభిప్రాయం అడిగితే, రోజూ నడిచే బండికి వానాకాలంలో కవరు వద్దు. యేప్రిల్, మే నెలల్లో యెండకూ, పక్షి రెట్టకూ కప్పవచ్చు. రెట్టలోని ఆమ్లం యెండలో రంగును తినేస్తుంది. దసరాకో పెండ్లికో వూరికి వెళ్లి పదిహేను రోజులు వుండేవారు కారును కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, లోపలి వైపు మెత్తగా వుండి గాలి ఆడే కవరు వేసి, పొట్టకింద పట్టీ బిగించి పోవచ్చు. తిరిగి రాగానే బానెట్ యెత్తి చూడడం మరవకూడదు, కదలని బండి కవరు చాటున వుంటే యెలుకలకు మంచి కాపురం. వరద వచ్చే పల్లపు వీధిలో కవరు యేమీ కాపాడదు. 2005 జూలై 26న శాంతాక్రజులో వొక్కరోజు 944 మిల్లీమీటర్లు పడినప్పుడు మన వూళ్లోనూ నీళ్లు కిందినుంచే గదా వచ్చినవి! రేకుల కప్పు వున్న చోటు అద్దెకు దొరికితే కవరు గొడవే లేదు. కాని మన గల్లీల్లో తాకాలు దింపే టెంపోలకే చోటు లేదు.

కొనదలచినవారు మరొక సంగతి చూసుకోవాలి. తడిసిన కవరును మర్నాడు ఆరవేయాలి. అది నాలుగైదు చీరలంత చోటు తింటుంది. జూలైలో మన గదుల్లో చీరలే మూడు రోజులకుగాని ఆరవు. ఆరని కవరును తిరిగి కారు మీద వేయడంకన్న దానిని అంగడిలోనే వుంచి రావడం నయం.