తీగచుట్ట మొండితనం



గిరగిర తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ప్లగ్గును తొందరలో ఎవరైనా లాగివేస్తే, సాకెట్టులో చటుక్కున నీలిమెరుపు మెరవటం మీరు చూచే వుంటారు. దారి తెగితే విద్యుత్తు ఆగిపోవాలి కదా! మరి ఆ మెరుపు ఎలా వచ్చింది?

ఫ్యాను మోటారులో రాగితీగ చుట్టలుంటాయి. విద్యుత్తు ప్రవహిస్తే తీగచుట్ట అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతబలం పెరిగినా, తరిగినా అదే చుట్టలో కొత్త వోల్టేజి పుడుతుంది. అది ఎప్పుడూ మార్పుకు అడ్డుపడుతుంది. బరువెక్కించిన బండి ఒక పట్టాన కదలదు. కదిలిందా, ఒక పట్టాన ఆగదు. తీగచుట్టదీ అదే తీరు. ప్రవాహం మొదలయ్యేటప్పుడు వెనక్కు లాగుతుంది. ఆగబోతుంటే ముందుకు తోస్తుంది. ఆ తోపుకే విద్యుత్తు గాలిసందును దాటి మెరుస్తుంది. దీని పేరు స్వయంప్రేరణ. అమెరికాలో ఉపాధ్యాయుడైన జోసెఫ్ హెన్రీ దీనిని గురించి 1832లో వ్రాశాడు. పొడవైన తీగను చుట్టగా చుడితే మెరుపు పెద్దదవుతుందని ఆయన గమనించాడు. స్వయంప్రేరణను కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఒక చుట్టలోని మార్పు పక్కచుట్టనూ కదిలిస్తుంది. చిన్నతనంలో పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకున్న మైకేల్ ఫారడే, 1831 ఆగస్టు 29న లండనులో ఇనుపకడియానికి రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానిని బ్యాటరీకి కలపగానే, రెండవదానికి కలిపిన సూచి ఉలిక్కిపడి మళ్ళీ స్థిమితపడింది. బ్యాటరీ తీయగానే రెండవవైపుకు ఉలిక్కిపడింది. ప్రవాహం నిలకడగా వున్నంతసేపూ సూచి కదలలేదు! ఇదే అన్యోన్యప్రేరణ.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతూ, నిరంతరం మారుతూనే వుంటుంది. అందుకే వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను ఇంటికి తగిన 230 వోల్టులకు దించగలుగుతుంది. తీగ గుచ్చకుండా పలకమీద పెట్టి ఛార్జి చేసే సెల్‌ఫోను రహస్యమూ ఇదే.

ఒక్కమాట గుర్తుంచుకోండి. ఆ నీలిమెరుపు చూడటానికి ముచ్చటగా వుంటుంది గాని, మెరిసినప్పుడల్లా సాకెట్టులోని లోహాన్ని కొంచెం కొంచెం కాలుస్తుంది. కాలిన సాకెట్టు వదులై వేడెక్కితే ఇల్లే అంటుకోవచ్చు. కనుక ముందు స్విచ్చి కట్టండి. తరువాతనే ప్లగ్గు తీయండి. ఇంట్లో పెద్దలు మరచిపోతే, కారణం చెప్పి మరీ గుర్తుచేయండి!

ఇక మీకొక ప్రశ్న: టార్చిలైటు బ్యాటరీని కలిపి అలాగే వుంచితే ట్రాన్స్‌ఫార్మరు పనిచేస్తుందా? ఫారడే సూచిని తలచుకోండి, జవాబు మీకే తెలుస్తుంది.