జేబులో పట్టే ప్రాజెక్టు

ఐదో తరగతిలో రెజ్లింగ్ కార్డులు ఆడిన గుర్తుందా? ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన ఫైట్లు... ఎవరి నంబరు పెద్దదైతే కార్డు వాళ్లది. పొదిలిలో మా స్కూలు ఎదుటి బడ్డీకొట్టులో ఆ ప్యాకెట్లు కొనడానికి డబ్బులు దాచుకునేవాళ్లం. అలాంటి సెట్టును ఇప్పుడు మీరే డిజైన్ చేసుకోవచ్చు. పీడీఎఫ్‌ను ఆన్‌లైన్ ప్రింటింగ్ సర్వీసుకు అప్‌లోడ్ చేస్తే, కార్డులు కొరియర్‌లో ఇంటికే వస్తాయి.

‘ఇందులో కెరియర్ ఏముంది?’ అంటారా? మనలో చాలామంది రెజ్యూమెల్లో ప్రాజెక్టులు ఉంటాయి కానీ, చేతిలో పెట్టి చూపించగలిగేవి తక్కువ. కార్డుల సెట్టు అలా కాదు. సమాచారం సేకరించడం, డిజైన్, ఫైలు తయారీ, ఖర్చు లెక్క, డెలివరీ... అన్నీ ఇందులో ఉన్నాయి. రెండు నెలల్లో పూర్తవుతుంది, జేబులో పడుతుంది.

ఆరు వేల పాఠం

బీటెక్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్నాను. రోజూ అప్లికేషన్లు పెట్టడం, రాని మెయిల్ కోసం చూడటం. అప్పుడే మా అక్క కొడుకు కోసం మన ప్రాంతం మీద ఒక కార్డుల సెట్టు మొదలుపెట్టాను. బాగా కుదిరిందనిపించి, ఊళ్లో అమ్ముదామని 20 సెట్లకు ఆర్డరిచ్చాను. ఆరు వేలయింది. నాన్న మిర్చి అమ్మిన డబ్బులోంచి అడిగి తీసుకున్నదే అది.

పార్సిల్ విప్పగానే నీరుగారిపోయాను. ‘అద్దంకి’ కాస్తా ‘అద్‌దంకి’ అయి కూర్చుంది. ఒత్తులన్నీ విడిపోయాయి. చుట్టూ గీసిన సన్న బార్డరు ఒకపక్క లావుగా ఉంది, ఇంకోపక్క అసలు లేదు. తప్పు ప్రెస్సు వాళ్లది కాదు, నాదే. లాప్‌టాప్‌లో చూసుకుని సరే అనుకున్నాను. ఒక్క శాంపిల్ కూడా తెప్పించుకోలేదు. నాన్న తిట్టలేదు. ఒక కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ‘కొత్త విత్తనమైతే ముందు ఒక మడిలో వేసి చూస్తాం కదరా, చేనంతా ఒకేసారి వేస్తామా?’ అన్నారు.

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, అది ఇదే.

దేని మీద చేయాలి?

మీకు బాగా తెలిసినదాని మీద. నా సెట్టులో 848 నాటి అద్దంకి పండరంగని శాసనం, 1244లో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి శాసనం, చందవరం బౌద్ధ స్తూపం, కంభం చెరువు, మార్కాపురం పలకలు, బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’గా పేరు మార్చుకున్న ఒంగోలు జాతి పశువులు ఉన్నాయి. మీది అగ్రికల్చర్ అయితే పత్తి, మిర్చి పురుగులు, వాటిని తినే మిత్రపురుగులు తీసుకోండి. ఈసీఈ అయితే సెన్సార్లు, ఫార్మసీ అయితే మందు మొక్కలు. ప్రతి కార్డు మీదా పోల్చుకోవడానికి నాలుగైదు అంకెలుంటే ఆట దానంతటదే పుడుతుంది. అంకె రాసే ముందు రెండుచోట్ల సరిచూడండి. పిల్లలు దాన్నే నిజమని నమ్ముతారు.

సినిమా హీరోల ఫొటోలు, పోకెమాన్ బొమ్మలు గూగుల్‌లోంచి తీసి వాడొద్దు. అమ్మకానికి పెడితే కాపీరైట్ చిక్కులు తప్పవు. మీరు తీసిన ఫొటోలు, మీరో మీ ఫ్రెండో వేసిన బొమ్మలు, లేదంటే వాడుకోవడానికి అనుమతి ఉన్న చిత్రాలే తీసుకోండి.

ఫైలు ఇలా తయారు చేయండి

సైజు: 63×88 మిల్లీమీటర్లు. మ్యాజిక్, పోకెమాన్ కార్డుల సైజు ఇదే. కార్డు పాడవకుండా వేసుకునే ప్లాస్టిక్ కవర్లు ఈ కొలతకు తేలిగ్గా దొరుకుతాయి.

బ్లీడ్: కటింగ్‌లో బ్లేడు కాస్త పక్కకు జరగడం మామూలే. అందుకే బ్యాక్‌గ్రౌండును నాలుగు వైపులా 3 మి.మీ. ఎక్కువ పెట్టాలి. అంటే ఫైలు 69×94 మి.మీ. ఉండాలి. 300 డీపీఐలో దాదాపు 815×1110 పిక్సెళ్లు. అక్షరాలు, ముఖ్యమైన బొమ్మలు కట్ అయ్యే గీతకు కనీసం 3 మి.మీ. లోపల ఉంచండి. అంచు దగ్గర సన్న బార్డరు వద్దు.

రంగులు: స్క్రీన్ మీద రంగు వెలుగుతో వస్తుంది, కాగితం మీద సిరాతో వస్తుంది. మెరిసే ఆకుపచ్చ, నియాన్ రంగులు ప్రింటులో మందగిస్తాయి. సీఎంవైకే మోడ్‌లో ముందే చూసుకోండి. స్క్రైబస్ ఉచితం, అందులో ఈ సౌకర్యం ఉంది. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే వాడండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే అక్షరం మసకబారే ప్రమాదముంది.

తెలుగు: యూనికోడ్ ఫాంట్లే వాడండి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పంపే ముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చండి. అప్పుడు అవతలి కంప్యూటర్‌లో ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. నేను మరిచిపోయింది ఇదే.

కోడింగ్ వచ్చినవాళ్లకు: ఒక్కో కార్డునూ చేత్తో చేయకండి. సమాచారమంతా ఎక్సెల్ షీటులో, కార్డుకు ఒక వరుస చొప్పున పెట్టండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో ఒక టెంప్లేట్ రాసి, ఆ షీటులోంచి కార్డులన్నీ ఒకేసారి తీయొచ్చు. బ్రౌజర్ తెలుగు ఒత్తులను సరిగ్గానే చూపిస్తుంది. పైథాన్‌లో పిల్లో లైబ్రరీ వాడేవాళ్లు ‘రాక్మ్’ సపోర్టు ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ‘అద్‌దంకి’ మళ్లీ ఎదురవుతుంది!

ఎన్ని కార్డులు? 12×18 అంగుళాల డిజిటల్ షీటులో, బ్లీడ్‌తో కలిపి, ఇవి 18 పడతాయి. కాబట్టి 36 లేదా 54 పెట్టుకుంటే కాగితం వృథా కాదు. తక్కువ సెట్లకు డిజిటల్ ప్రింటింగే మేలు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, వేలల్లో వేసినప్పుడే గిట్టుబాటు. కాగితం 300 నుంచి 350 జీఎస్ఎం తీసుకోండి. లైటుకు ఎదురుగా పెడితే వెనక బొమ్మ కనిపించకూడదు.

అన్నీ అయ్యాక ఒక్కటంటే ఒక్క సెట్టు తెప్పించుకోండి. ఇద్దరు పిల్లలకిచ్చి ఆడించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్దండి. పెద్ద ఆర్డరు ఆ తర్వాతే.

మన దగ్గర పాత విద్యే

కార్డుల డిజైన్ మనకు కొత్తేం కాదు. బాబరు 1527లో సింధ్‌లోని షా హసన్‌కు గంజిఫా కార్డులు పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. దశావతార గంజిఫాలో అవతారానికి 12 చొప్పున 120 కార్డులుంటాయి. గుండ్రంగా ఉండే ఈ చేతిబొమ్మల కార్డులకు తెలుగునాట నిర్మల్, నొస్సం పేరున్న ఊళ్లు. ఒక్కో వర్గానికి ఒక్కో బ్యాక్‌గ్రౌండు రంగు పెట్టేవారు. ఏ కార్డు దేనిదో చూడగానే తెలియాలని. ఇప్పటి యాప్ డిజైనర్లు చెప్పేదీ అదే కదా!

ఇంటర్వ్యూలో ఏమైంది?

డబ్బు మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. రెండు నెలలు ట్యూషన్లు చెప్పి, తప్పులు దిద్ది, ఈసారి ఒకే సెట్టు వేయించాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో ‘అద్‌దంకి’ కార్డు, ‘అద్దంకి’ కార్డు పక్కపక్కన పెట్టాను. ‘మొదటిది ఎందుకు పాడైంది?’ అని అడిగారు. ఆ ప్రశ్న మీదే పావుగంట మాట్లాడాం. ఉద్యోగం వచ్చింది. కార్డుల వల్లే వచ్చిందని చెప్పను. కానీ బట్టీపట్టని జవాబు నేను చెప్పింది ఆ పావుగంటే.

ఈ పని నచ్చి ఇటే వెళ్లాలనిపిస్తే దారులున్నాయి. గ్రాఫిక్ డిజైన్, ప్యాకేజింగ్, ప్రీప్రెస్, గేమ్ డిజైన్... అన్నింటికీ పునాది ఇదే. ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, ప్రవేశం డాట్ పరీక్ష ద్వారా. ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లొమాకు సికింద్రాబాద్‌లో ప్రభుత్వ సంస్థ ఉంది. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లయిడ్ ఆర్ట్ చదవొచ్చు.

పాడైన ఆ 20 సెట్లలో ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. నాన్న డబ్బు తిరిగిచ్చేశాను. మీరు మాత్రం అంత ఖరీదు పెట్టక్కర్లేదు. ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని, మీ ఊరి మీద తొమ్మిది కార్డులు పెన్సిల్‌తో గీయండి. ఎ4లో సరిగ్గా తొమ్మిది పడతాయి. కత్తిరించి, ఇంట్లో ఎవరితోనైనా ఒక ఆట ఆడి చూడండి. మీ మొదటి మడి అదే.