తంజావూరిలో ఒక దినము



వైద్యవిద్య నభ్యసించుచున్న నా పూర్వశిష్యుడొకడు సెలవులలో నావెంట తంజావూరు చూడవచ్చెను. "గురువుగారూ, ఉదయము వైద్యమునకు, సాయంకాలము సంగీతమునకు" అని అతడే దినమును రెండుగా పంచెను. ఆ పంపకము సాయంకాలమువఱకు నిలువలేదు. ఏల నిలువలేదో విన్నవించెదను.

ఉదయమున రాజభవనములోని సరస్వతీమహలు గ్రంథాలయమునకు బోయితిమి. తంజావూరు తమిళదేశమైనను, 1532 మొదలు 1673 వఱకు దాని నేలిన నాయకరాజులు తమ సభలో తెలుగునకు పెద్దపీట వేసిరి. రఘునాథనాయకుడు తానే తెలుగున కావ్యములు రచించెను. వారి కాలమున మొలచిన యీ పుస్తకభాండారమును పెంచి పెద్దచేసినవాడు మహారాష్ట్ర ప్రభువగు రెండవ శరభోజి (1798-1832). ఈయన ధన్వంతరిమహలను వైద్యశాలను నడపెను; ఔషధయోగములను తమిళపద్యములుగా కూర్పించెను. నేత్రవైద్యమునం దాయనకు మిక్కిలి ఆసక్తి. ఆయన కాలమున కంటిచికిత్స పొందినవారి వివరములను వ్రాయించి, వారి కన్నుల చిత్రములనుగూడ గీయించిరి. ఆ పత్రములు నేటికిని నిలిచియున్నవి.

శిష్యుడు నిలువబడి, "గురువుగారూ, కన్ను బాగుచేసిన చేయి ఒకనాటితో పోవును. ఏ రోగికి ఏమి చేసిరో వ్రాసియుంచిననే తరువాతి వైద్యుడు దానిని పరీక్షించి, తప్పైన దిద్దును, ఒప్పైన కొనసాగించును" అనెను.

మధ్యాహ్నము కావేరీతీరముననున్న తిరువయ్యారు చేరితిమి. తిరువారూరున 1767లో జన్మించిన త్యాగరాజస్వామి ఇచ్చటనే జీవించి, 1847లో ఇచ్చటనే సిద్ధిపొందెను. ఆయన సమాధికి మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1925లో దానికి ప్రతిష్ఠ జరిగెను. రాజాశ్రయమును స్వామి నిరాకరించెనని పెద్దలు చెప్పుదురు. మఱి కోశాగారము లేని యా యింటి పాట నెవరు కాపాడిరి? శిష్యులు. వారు చెవితో విని, గొంతున నిలిపి, తమ శిష్యులకు నేర్పిరి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులవంటివారు కృతులను వ్రాసియు నుంచిరి. నేడు మనకు దక్కిన సుమారు 700 కృతులు ఆ శ్రద్ధయొక్క ఫలమే.

అప్పుడు శిష్యుడు, "ఉదయము చూచినదియు నిదియు నొకటేకదా!" అని నావైపు తిరిగి, "మీ తల్లిగారు పాడెడివారని చెప్పుదురే, ఆ పాటలు వ్రాసికొంటిరా?" అని యడిగెను.

నాకు మాట రాలేదు. మా తల్లికి లాలిపాటలును, పసిబిడ్డల కషాయములును నోటికి వచ్చును. బడిలో ముప్పదియేండ్లకు మించి పిల్లలచేత వ్రాయించినవాడను. ఆమె నోటిమాట ఒక్క పంక్తియైన వ్రాసికొనలేదు. ఆమెతోడనే అవి పోయినవి. పండితుల శ్లోకములే విద్యయని, వంటయింటిది విద్య కాదని భ్రమించితిని.

శిష్యుని నాయనమ్మ ఇంకను సజీవురాలు. తిరుగుప్రయాణమున అతడు అంగడిలో నొక నోటుపుస్తకము కొనెను. "పాటలు విన్నవి విన్నట్లే వ్రాసెదను. మందులు మాత్రము వ్రాసినంతనే ప్రమాణములు గావు, పరీక్షింపక ఎవరికిని ఇయ్యను" అనెను. గురువు నేర్వని పాఠమును శిష్యుడు నేర్చెను.

మీ యింటను పెద్దలుందురు. ఈ రాత్రియే వారి చెంత గూర్చుండి ఒక్క పాటయైన వ్రాసికొనుడు. సెలవు.