రాయిలో ఎముకను చూపించే వారేరీ?

ఆత్మకూర్: చలికాలం వచ్చిందంటే మా ప్రాంతపు బడుల నుంచి విహారయాత్ర బస్సులు హైదరాబాద్‌కు బయలుదేరతాయి. చార్మినార్, జూ పార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, పొద్దు మిగిలితే బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడ నలభై అడుగులకు పైబడిన రాక్షసబల్లి అస్థిపంజరం నిలబడి వున్నది. పిల్లలు "అబ్బో" అని ముందుకు సాగిపోతారు. అది సినిమా వాళ్లు చేసిన బొమ్మ కాదనీ, మన గోదావరి లోయలోనే నేల తవ్వి తీసిన జంతువనీ చెప్పేవారు పక్కన లేకపోతే వాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగని ఆ పేరులో వున్నది తెలంగాణ పల్లె పేరే. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారు 1970వ దశకంలో అక్కడ తవ్వకాలు సాగించారు. మొత్తం 840 ఎముకలు బయటపడగా, అవి కనీసం 12 జంతువులవని లెక్క తేలింది. ఆ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టి లోకానికి తెలియజేశారు. పదిహేడు, పద్దెనిమిది కోట్ల ఏండ్ల కిందట ఆకులు అలములు మేసి బతికిన జంతువది. చిత్రమేమంటే తవ్వకాల్లో పుర్రె దొరకలేదు. కనుక మ్యూజియంలో అందరూ ముందుగా తలెత్తి చూసే ఆ తలకాయ మనిషి చేసిపెట్టినదే! ఏది ఎముక, ఏది నమూనా అన్నది తెలిసినవారు వేలు పెట్టి చూపితేనే తెలిసే సంగతి.

అంతకుముందే గోదావరి లోయలోని పోచంపల్లి దగ్గర మరో పెద్ద జంతువు ఎముకలు దొరికాయి. (మన నల్లగొండ చీరెల పోచంపల్లి కాదు, వేరే పల్లె.) అవి తవ్విన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కావడంతో దానికి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వున్నది.

ఇవి చెప్పినప్పుడల్లా ఇక్కడివారు అడిగేది ఒక్కటే, "మన గుట్టల్లో దొరకవా?" అని. దొరకవు. ఆత్మకూర్, అమరచింత చుట్టూ వున్న గుండ్లు భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లబడి గట్టిపడినవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. అప్పటికి ఎముక వున్న ప్రాణి అంటూ పుట్టనే లేదు. మన జిల్లాల్లో రాక్షసగుళ్లు అని పిలిచే పాత సమాధుల్లో దొరికే ఎముకలంటారా, అవి రెండు మూడు వేల ఏండ్ల కిందటి మనుషులవి. అది పురావస్తు శాఖ వారి పని, శిలాజ శాస్త్రవేత్తలది కాదు.

అయితే మరీ దూరం కూడా పోనక్కరలేదు. పరిగి దాపున నస్కల్ అనే వూరున్నది. ఆరున్నర కోట్ల ఏండ్ల కిందట ఆ ప్రాంతమంతా అగ్నిపర్వతాల లావా పొరలు పొరలుగా పారింది. ఒక పొర చల్లబడి, మరొకటి వచ్చేలోగా మధ్యలో నీళ్లు నిలిచి బురద పేరుకున్నది. ఆ బురద గట్టిపడిన మట్టిలో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలకు ఎలుకంత జంతువు పళ్లు దొరికాయి. రాక్షసబల్లుల ఆఖరి యుగంలో బతికిన పాలిచ్చే జంతువు ఆనవాలు మన దేశంలో దొరకడం అదే ప్రథమం. దాన్ని డెక్కనోలెస్టిస్ అన్నారు. 1988లో ప్రఖ్యాత నేచర్ పత్రిక ఆ సంగతి ప్రచురించింది.

ఆ పన్ను ఒక్కొక్కటి నూకగింజ కన్న పెద్దది కాదు. ఇటువంటి వాటి కోసం మట్టిని బస్తాలకు బస్తాలు తెచ్చి నానబెట్టి, సన్నని జల్లెడల్లో కడిగి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పోసి ఏరుతారు. మన ఆడవాళ్లు చాటలో రాళ్లు ఏరినట్లే, కాకపోతే ఇక్కడ గింజలు పారబోసి రాళ్లు దాచుకోవాలి. నస్కల్‌కు వుత్త చేతులతో పోయినవారికి బండలు తప్ప ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు.

ఇటు కృష్ణ దాటి, కర్నూలు మీదుగా పోతే బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880వ దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు కలిసి వాటిని తవ్వారు. దొరికిన వాటిలో ఖడ్గమృగం ఎముకలున్నాయి! కర్నూలు పేరుతోనే ఆ ఖడ్గమృగానికి నామకరణం చేశారు. వనపర్తి రోడ్డులో రైలెక్కి, డోన్‌లో బండి మారి బేతంచర్ల చేరవచ్చును. చేరినాక చెప్పేవారెవరన్నదే ప్రశ్న.

ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు వూరున్నది. వడ్రంగి బిడ్డ మేరీ ఆనింగ్ రెండు వందల ఏండ్ల కిందట శిలాజాలు ఏరి బతికిన వూరది. అక్కడి మ్యూజియం వారు టిక్కెట్టు పెట్టి, నిపుణుణ్ణి వెంట యిచ్చి జనాన్ని ఒడ్డున నడిపిస్తారు. అంత దూరం ఎందుకు, గుజరాత్‌లో బాలసినోర్ దగ్గర రయ్యోలిలో 1981లో రాక్షసబల్లుల ఎముకలు, గుడ్లు బయటపడ్డాయి. గుడ్డని తెలియక ఒక ముసలమ్మ దానితో మసాలా నూరుకునేదని అక్కడ చెప్పుకుంటారు. పాత నవాబుల ఇంటి ఆడపడుచు ఆలియా సుల్తానా బాబీ, వచ్చిన శాస్త్రవేత్తల వెంట తిరిగి విద్య నేర్చుకుని, సందర్శకులకు తానే దగ్గరుండి చూపించసాగారు. 2019లో అక్కడ మ్యూజియం కూడా తెరిచారు.

మన దగ్గర విద్య తెలిసినవారికి లోటు లేదు. భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే వున్నది. ఉస్మానియాలో భూగర్భ శాస్త్ర విభాగమున్నది. పదవీ విరమణ చేసిన ఒక్క శాస్త్రవేత్తను బస్సులో ఎక్కించుకుంటే బిర్లా మ్యూజియం చూడటం వేరుగా వుంటుంది. నస్కల్ చూడటం మరీ వేరు.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. లైమ్ రీజిస్‌లో రాలిపడిన శిలాజాన్ని ఏరకపోతే సముద్రం తీసుకుపోతుంది గనుక అక్కడ ఏరుకోవడం సబబే. ఇక్కడ అట్లా కాదు. ఏ పొరలో, ఏ లోతున వున్నదో తెలియకుండా పెకలించిన ఎముక శాస్త్రానికి ఉత్త రాయి కిందే లెక్క. ఇటువంటి చోట్ల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు ప్రకటించింది. చట్టం మాట ఎట్లా వున్నా, బావి తవ్వేటప్పుడో, క్వారీలోనో ఎముకలాంటి రాయి కనిపిస్తే సుత్తి వేయక, ఫోటో తీసి, చోటు గుర్తు పెట్టి బండ్లగూడ కార్యాలయానికి తెలియజేయవచ్చును.