మోకాటికీలు విరిగినప్పుడు

గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో ఎముక విరిగెనని తెలిసినంతనే పెద్దల నోట మొదట వెలువడు మాట పుత్తూరు. ఆ యూరి చెంతనున్న రాచపాళెమున ఒక కుటుంబమువారు తరతరములుగా ఆకుపసరుతో, కోడిగ్రుడ్డు సొనతో, వెదురుదబ్బలతో వేయుచున్న కట్టునకు పొరుగు రాష్ట్రములందును ప్రఖ్యాతి కలదు. ముంజేతియెముకయో కాలియెముకయో నడుమ విరిగి, కొనలు అంతగా తొలగకున్నచో, కట్టుతో అతుకుకొనుట అబద్ధము గాదు. విరిగిన యెముకకు తనంతట తానే అతుకుకొను శక్తి సహజముగనే కలదు. కాని మోకాటికీలు కడ ఈ న్యాయము చెల్లదు.

తొడయెముక క్రిందికొనయు, కాలి పెద్దయెముక పైతలమును కలియు చోట రెంటిమీదను నునుపైన మృదులాస్థి పరచికొని యున్నది. మోటారుసైకిలు బోల్తాపడినపుడో, చింతచెట్టుమీదినుండి జారిపడినపుడో, తొడయెముక సమ్మెటవలె దిగి ఆ పైతలమును చీల్చి క్రుంగదీయును. ఆ మిట్టపల్లములను సరిచేయక కట్టు కట్టినచో ఎముక అతుకుకొనును గాని, కీలు వంకరయై, కొన్నియేండ్లకు అరిగిపోవును. ఈ విరుపులను టొరాంటో నగర వైద్యుడు జోసెఫ్ షాట్జ్‌కర్ సహచరులతో గూడి 1979లో ప్రకటించిన వ్యాసమున ఆరు తరగతులుగా విభజించెను. వెలుపలివైపు చీలిక మాత్రమే కలది మొదటిది, కీలుభాగమంతయు క్రిందియెముకనుండి వేరుపడినది ఆరవది.

అన్నిటికంటె ముందు చూడవలసినది ఎముకను గాదు, రక్తప్రసారమును. మోకాటి వెనుక ఎముకనంటి సాగు ధమని తెగినచో, సుమారు ఆరుగంటలలో రక్తము మరల పారింపకున్న కాలు దక్కుట కష్టము. పాదము చల్లబడినను, పాలిపోయినను, పిక్క రాయివలె గట్టిపడి వ్రేళ్లను కదల్చినంతనే భరింపరాని నొప్పి కలిగినను, కట్టుకట్టించుకొనుటకై దూరప్రయాణము తగదు; 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనమును పిలిచి, రక్తనాళములను కుట్టగల ఆసుపత్రికి తక్షణమే పోవలయును. ఈ యొక్కమాట ప్రతి పల్లెకును తెలియవలెనని నా గాఢమైన కోరిక.

అట్టి ప్రమాదము లేనియెడల శస్త్రవైద్యుడు తొందరపడడు. వాచి బొబ్బలెక్కిన చర్మమును కోసినచో గాయము మానక చీము పట్టును. కావున తొడకును కాలికిని వెలుపలనుండి కడ్డీలు బిగించి, వాపు తీసి చర్మము ముడుతలు పడువరకు, ఒకటి రెండు వారములైనను వేచియుండును. ఈ నిరీక్షణను నిర్లక్ష్యముగా తలచి రోగిని ఇంటికి గొనిపోవు బంధువులు కలరు. అది చికిత్సలో భాగమే. తరువాత సి.టి. స్కాను చూచి, క్రుంగిన తలమును క్రిందినుండి పైకెత్తి, ఏర్పడిన గుల్లను తుంటియెముక తురుముతో నింపి, ప్లేట్లు స్క్రూలు బిగించును. చర్మము మిక్కిలి చెడినచో, సైబీరియాలోని కుర్గాన్ పట్టణమున ఇలిజరోవ్ అను వైద్యుడు రూపొందించిన వలయముల చట్రము శరణ్యము. ఇట్టి చికిత్సకై పోదగిన తావులు మన చెంతనే కలవు: తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకు ప్రత్యేకమైనది, కుప్పమున పి.ఇ.ఎస్. వైద్యకళాశాల కలదు.

శస్త్రచికిత్స ముగిసిన కొలదిదినములకే మోకాలిని వంచుట ఆరంభింపవలయును, లేనిచో కీలు బిగిసికొనును. కాని పాదముపై బరువు మోపుటకు రెండుమూడు నెలలు పట్టును. తీవ్రముగా చితికిన కీలు బాగుపడినను, గొంతుకూర్చుండి కలుపుతీయుట, బాసికపట్టు వేసికొని భుజించుట పలువురకు మునుపటివలె సాధ్యపడదు. సేద్యముపై బ్రతుకు కుటుంబమునకు ఈ సంగతిని శస్త్రచికిత్సకు ముందే వైద్యుడు విడమరచి చెప్పవలయును.