నిద్రించిన ల్యాప్‌టాప్ మేల్కొనకున్న

వానకాలమున కొల్లేరు నిండినపుడు కొల్లేటికోట ప్రాంతపు లంక గ్రామములను చూచినవారికి ఒక సంగతి తెలియును. లంక లంకకు నడుమ నీరుండుటచే ఒకచోట నిప్పంటుకొన్నను పక్క లంకకు పాకదు. కంప్యూటరును ఇట్లే లంకలుగా విభజించిన భద్రతా వ్యవస్థ యొకటి కలదు. దాని పేరు క్యూబ్స్. పోలండు దేశపు పరిశోధకురాలు జొఆన్నా రుట్కోవ్‌స్కా బృందము దాని 1.0 రూపమును 2012లో విడుదల చేసెను. ఇందు బ్యాంకు పని యొక లంకలో, ఉత్తరములు వేరొక లంకలో జరుగును. వైఫై పరికరము ‘సిస్-నెట్’ అను లంక అధీనమున నుండును. అదియే బయటికి రేవు.

మూత మూయగానే యంత్రము నిద్రించును. అప్పుడు ప్రాసెసరు, డిస్కు, తెర ఆగును. మెమరీకి మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. మూత తెరచినపుడు ఒక్కొక్క పరికరమును దాని డ్రైవరు మేల్కొల్పవలెను. ఆ వరుసలో ఒక్కటి తప్పినను చిక్కు వచ్చును. కావున తప్పినది ఏదియో ముందుగా గుర్తింపవలెను.

సంచిలోని యంత్రము వేడెక్కినను, తెర నల్లగా నిలిచిపోయినను నిద్ర విధానమును పరీక్షింపుడు. క్యూబ్స్ ప్రధానముగా ఎస్3 అను గాఢనిద్రపై ఆధారపడును. నేటి యంత్రములు పెక్కింటిలో దానికి బదులు తేలికనిద్రయే ఉన్నది. కొన్నింటి బయాస్‌లో విండోస్, లినక్స్ అను రెండు ఎంపికలుండును. లినక్స్‌ను ఎన్నుకొన్నచో ఎస్3 లభించును. బలవంతముగా ఆపవలసి వచ్చినపుడు, మరల తెరచిన పిమ్మట ప్రధాన విభాగమైన డామ్-జీరోలో గత పర్యాయపు చిట్టాను చదువుడు. దాని చివరి పంక్తులలో ఆగిన పరికరపు జాడ దొరకవచ్చును.

తెర వచ్చి వైఫై మాత్రమే రాకున్న దోషము రేవులోనిదే యగును. సిస్-నెట్‌ను ఆపి మరల ప్రారంభించిన తత్కాలమునకు పని జరుగును. శాశ్వతముగా సరిపడవలెనన్న, నిద్రకు ముందు తొలగింపవలసిన డ్రైవర్ల జాబితా సిస్-నెట్‌లో కలదు. వైఫై డ్రైవరు పేరును అందు చేర్పవలెను. ఇంటెల్ పరికరములు పెక్కింటికి ‘ఐడబ్ల్యుఎల్‌ఎంవిఎం’, ‘ఐడబ్ల్యుఎల్‌వైఫై’ అను రెంటిని ఈ వరుసనే వ్రాయవలెను. అప్పుడు నిద్రకు ముందు డ్రైవరు దిగిపోయి, మేల్కొనిన పిదప క్రొత్తగా ఎక్కును. ప్రతి మార్పునకు ముందు చేతిలోని పనిని భద్రపరచుకొనుడు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయుడు.

నిద్ర చక్కబడిన తరువాత కూడ మరువరానిది ఒకటి కలదు. నిద్రించు యంత్రపు మెమరీలో డిస్కు తాళపుచెవి నిలిచియే యుండును. విద్యుత్తు తొలగించిన పిమ్మట కూడ మెమరీలోని సమాచారము కొంతసేపు చెరగదనియు, చల్లబరచినచో మరింతసేపు నిలుచుననియు, దానినుండి తాళపుచెవులను రాబట్టవచ్చుననియు 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిరి. ఇంటిలో కాఫీ త్రాగి వచ్చునంతసేపు యంత్రమును నిద్రపుచ్చుట మంచిదే. కాని చేపల చెరువుల లెక్కలు, బ్యాంకు పత్రములు గల యంత్రముతో ఏలూరులో బస్సెక్కునపుడు దానిని పూర్తిగా ఆపివేయుడని మా మనవి. మరల తెరచుటకు రెండు నిమిషములు పట్టవచ్చును. యంత్రము పోయినను తాళపుచెవి దానివెంట పోదు.